ఆర్టిస్టుగారి ఫిబ్రవరి ఆరు

రామచంద్రపురంలో మా ఆర్టిస్టుగారు ఏడాదికి ఒక్క రోజే తన ఫొటో స్టూడియో మూసేవారు. సంక్రాంతికి మూసేవారు కాదు, ఎందుకంటే కొత్త అల్లుళ్లు అత్తవారింటికి వచ్చే ఆ మూడు రోజుల్లోనే ఆయనకు గిరాకీ. ఉగాదికీ దసరాకీ కూడా మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి తలుపు తీసేవారు. ఫిబ్రవరి 6న మాత్రం తలుపుకు తాళం వేసి, పలక మీద సుద్దముక్కతో "రేపు రండి" అని రాసి తగిలించి, తొలి బస్సుకు రాజమండ్రి వెళ్లిపోయేవారు. ఆ రోజు ఎవరికి పాస్‌పోర్టు ఫొటో కావలసివచ్చినా, ఎవరింట్లో పెళ్లిచూపులున్నా ఆయనకు పట్టేది కాదు. 1925లో ఆ తేదీనే చిత్రకారుడు దామెర్ల రామారావు మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూశాడు. ఆయన బొమ్మలున్న గ్యాలరీలో ఆ పూటంతా గడిపి, అక్కడి బొమ్మల్లో ఏదో ఒకదానిలోంచి ఒక్క ముక్క, ఒక చెయ్యో ఒక కొప్పో, పెన్సిలుతో దించుకుని సాయంత్రం బస్సుకు తిరిగి రావడం ఆర్టిస్టుగారికి తద్దినం పెట్టినంత నిష్ఠతో జరిగే పని.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఫొటోల వెనక స్టూడియో ముద్ర వేయడానికే ఇష్టపడని మనిషి ఆయన. ఊళ్లో కూడా అందరూ ఆర్టిస్టుగారనే పిలిచేవారు గనుక ఇక్కడా అదే పిలుపు సరిపోతుంది. దామెర్ల పోయి నూరేళ్లు నిండే రోజుకు, అంటే 2025 ఫిబ్రవరి 6కు, ఎలాగైనా రాజమండ్రిలో ఉండాలని చాలాకాలం నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చిన ఆయన, అంతకు ముందటి కార్తీకంలోనే వెళ్లిపోయారు. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక వాళ్లమ్మాయి ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పద్దుల పుస్తకం ఒకటి తెచ్చి బాబాయ్ చేతిలో పెట్టింది. లోపల పద్దులు లేవు; పేజీకొక బొమ్మ, కింద తేదీ, అన్నీ ఫిబ్రవరి ఆరులే. అప్పటికప్పుడు ఆ అరుగు మీదే అనుకున్నాం, ఈసారి ఆయన బదులు మనం వెళ్లాలని.

మేమంటే ముగ్గురం. రైల్వేలో గార్డుగా చేసి రిటైరై సామర్లకోటలో ఉంటున్న బాబాయ్ నాకు వరసకు ఏమీ కాడు. మా నాన్నగారి స్నేహితుడు, ఆర్టిస్టుగారికి చిన్ననాటి జతగాడు. రెండో ఆయన మా హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారు. నేను పదో తరగతికి ముందూ తరవాతా మూడు వేసవులు ఆ స్టూడియో డార్క్‌రూములో ట్రేలు కడిగినవాణ్ణి. అనుకున్న తేదీకి మాస్టారికి కంటి డాక్టరు రమ్మన్నాడు, నాకు సెలవు దొరకలేదు. చివరికి ఆ తరవాతి వారంలో గాని కుదరలేదు. తేదీ తప్పినందుకు బాబాయ్ రైలు దిగేదాకా నా మీద విసుక్కుంటూనే ఉన్నాడు.

నేను హైదరాబాదు నుంచి గౌతమి రైలు ఎక్కాను. బాబాయ్ ఏదో పెళ్లికి వచ్చి నాతోపాటే తిరుగు ప్రయాణం పెట్టుకున్నాడు. కొవ్వూరు దగ్గర పడుతుండగా ఆయన పై బెర్తు మీద నుంచి నా భుజం తట్టి లేపి, తలుపు దగ్గరికి తీసుకువెళ్లాడు. నది మీద మంచు ఇంకా విడలేదు. పక్కన హేవలాక్ వంతెన, మీద రైళ్లు లేకుండా, స్తంభాల దాకా పొగలో మునిగినట్టు నిలబడి ఉంది. ఆ వంతెన పని 1897లో మొదలై 1900లో రైళ్లు నడిచాయనీ, పని మొదలైన నూరేళ్లకు 1997లో దాన్ని విశ్రాంతికి పంపించారనీ గార్డుగారి హోదాలో నాకు చెప్పి, "మీ ఆర్టిస్టుగారి దామెర్ల పుట్టింది కూడా ఆ ఏడే కదరా" అన్నాడు. నిజమే, 1897 మార్చి 8. రాజమండ్రిలో ఆయుర్వేద వైద్యుడి ఇంట్లో పుట్టిన ఆ పిల్లవాడు ఊరి పక్కన ఆ వంతెన స్తంభం స్తంభంగా లేవడం చూస్తూ నడక నేర్చి ఉంటాడని అప్పటిదాకా నాకు తట్టలేదు.

స్టేషన్లో మాస్టారు మాకంటే ముందే వచ్చి, కాఫీ తాగేసి, మఫ్లరు చుట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఊరి పేరు ఇప్పుడు రాజమహేంద్రవరం అయినా మా ముగ్గురి నోటా రాజమండ్రి తప్ప రాదు. గ్యాలరీ తీయడానికి వేళ ఉంది గనుక గోదావరి గట్టుకు వెళ్లి, రేవులో కాళ్లు కడుక్కుని, మెట్ల మీద కూర్చున్నాం. అక్కడ మాస్టారు కూల్డ్రే దొర కథ ఎత్తుకున్నారు. ఆ కథ ఆర్టిస్టుగారు చెప్పగా ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. కాని ఆయన చెప్పినట్టు చెప్పాలని మాస్టారు పడిన తాపత్రయం వల్ల అది కొత్తగానే వినిపించింది.

ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 నుంచి 1919 దాకా రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్నాడు. చెప్పింది ఇంగ్లీషు పాఠమే అయినా తానూ బొమ్మలు వేసే మనిషి. ఆయన చుట్టూ చేరిన కుర్రవాళ్లలో అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు, వరదా వెంకటరత్నం, దామెర్ల రామారావు ఉన్నారు. ఒకే ఊరి కాలేజీ, ఒకే దొర, అందులోంచి ఇద్దరు రచయితలూ ఇద్దరు చిత్రకారులూ రావడం విడ్డూరమే. చదువు మీద కంటే కాగితాల అంచుల మీద గీసే గీతల మీద ధ్యాస ఎక్కువున్న రామారావును ఆ దొర మందలించకుండా అజంతాకు తీసుకువెళ్లి గోడల మీది బొమ్మలు చూపించాడు, 1916లో బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చేరడానికి దారి చూపించాడు. అక్కడి ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ ఇతని పని చూసి తొలి తరగతులు అక్కరలేదని పైతరగతిలోనే చేర్చుకున్నాడు. ఇదంతా చెప్పాక ఆర్టిస్టుగారు ఒక మాట కలిపేవారట: "నాకు కూల్డ్రే దొరకలేదండి మాస్టారూ, అందుకని పాస్‌పోర్టు ఫొటోలు దొరికాయి." ఆ మాటలో ఏడుపు ఉండేది కాదని మాస్టారు, ఉండేదని బాబాయ్ మెట్ల మీదే కాసేపు వాదించుకున్నారు. నేను మాస్టారి పక్షం. డార్క్‌రూములో ఆయన్ని చూసినవాళ్లెవరూ ఆ మనిషికి తన పని చిన్నపని అనిపించిందని అనుకోలేరు.

గ్యాలరీలో మొదట అడుగుపెట్టినవాడు ఎవరైనా ముందు పెద్ద బొమ్మల దగ్గరికే పోతాడు. పూలు అలంకరించుకుంటున్న స్త్రీల బొమ్మ "పుష్పాలంకరణ" ముందు, యశోధరను చూసిన క్షణాన సిద్ధార్థుడిలో అనురాగం పుట్టడాన్ని చిత్రించిన "సిద్ధార్థ రాగోదయం" ముందు మేమూ చాలాసేపు నిలబడ్డాం. దామెర్లను చాలామంది బెంగాల్ చిత్రకారుల వరసలో చేర్చి మాట్లాడతారు గాని, ఆ మాట ఆర్టిస్టుగారి దగ్గర అంటే ఆయనకు కోపం వచ్చేది. బెంగాల్ బొమ్మల్లో మనుషులు పొగమంచులోంచి వచ్చినట్టుంటారు, ఇతని మనుషులకు ఎముకలున్నాయి అనేవారు. ఆయన కోపంలో అతిశయోక్తి ఉన్నా, బొమ్మ ముందు నిలబడితే విషయం అర్థమవుతుంది. బొంబాయిలో నిలువెత్తు మనిషిని ఎదుట నిలబెట్టి గీయడం నేర్చుకున్న చెయ్యి, అజంతా గీతలోని వంపును వదులుకోకుండా, నీటిరంగుల్లో ఈ నేల ఆడవాళ్లను వేసింది. కొప్పు ముడిచే చెయ్యి ఎత్తినప్పుడు భుజం ఎంత లేవాలో అంతే లేస్తుంది. 1922లో కలకత్తా ప్రదర్శనలో "ఋష్యశృంగ బంధనం" బొమ్మకు వైస్రాయ్ బహుమతి వచ్చింది. అప్పటికి దామెర్లకు పాతికేళ్లు. ఆ తరవాత ఆయనకు మిగిలింది మూడేళ్లు కూడా కాదు. ఆ కొద్దికాలంలోనే సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టి కుర్రవాళ్లకు నేర్పాడు. భార్య సత్యవాణీ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మా కూడా కుంచె పట్టినవాళ్లే.

గోదావరి ప్రకృతిదృశ్యం దగ్గర మాస్టారు ఆగిపోయారు, తనలో తాను నవ్వుకుంటూ. అడిగితే తెర సంగతి చెప్పారు. ఆ కాలంలో ప్రతి ఫొటో స్టూడియోలోనూ వెనక వేలాడదీసే తెర ఉండేది. గాడా గుడ్డకు సరేసు పట్టించి ఆరబెట్టి, పొడి రంగులు కలిపి వేసే ఆ తెర మీద మంచు కొండలో, పాలరాతి మెట్లో, మెట్ల పక్కన గులాబీ కుండీయో ఉండటం ఆచారం. మా ఊరి తెర మీదా మెట్లే ఉండేవి. ఒక ఫిబ్రవరి ఏడో తారీఖున ఆర్టిస్టుగారు ఆ తెర దించేసి, గుడ్డ తిరగేసి, నాలుగు రోజులు స్టూడియోలో నేల మీద పరిచి గోదావరి వేశారు. దూరంగా కొండలు, ఇవతల ఇసుక తిన్నె, తెరచాప దించిన ఒక పడవ. రంగు ఆరకముందే పెళ్లి ఫొటోకు మాస్టారు తన భార్యతో కలిసి వెళ్లారు. మెట్లు లేవేమిటని ఆవిడ చిన్నబుచ్చుకుంది. "మెట్లు ఎక్కి ఎక్కడికెళతావమ్మా, పడవైతే అత్తారింటికి పోవచ్చు" అన్నారట ఆర్టిస్టుగారు. ఊళ్లో మరి నలుగురు గొణిగారు గాని, అక్కడ వేరే స్టూడియో లేదు. అలా మా ఊళ్లో ఇరవై ఏళ్లపాటు పెళ్లయిన జంటలన్నీ తమకు తెలియకుండానే దామెర్ల చూపించిన గోదావరి ముందు నిలబడ్డాయి. ఆ ఫొటోలు బ్లాక్ అండ్ వైట్ కాబట్టి నీలం ఎంత నీలమో నాలాంటి డార్క్‌రూము కుర్రవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

పెన్సిలు బొమ్మల దగ్గరికి వచ్చాక బాబాయ్ పద్దుల పుస్తకం సంచిలోంచి తీశాడు. ఆర్టిస్టుగారు ఏ బొమ్మలోంచి ఏ ముక్క తీసుకున్నారో పోల్చడం మొదలుపెట్టాం. కొన్ని దొరికాయి, చాలావాటిని పోల్చలేకపోయాం. అసలూ నకలూ దొరికిన చోట తేడా తెలిసింది. దామెర్ల గీత ఎక్కడా ఆగకుండా ఒక్క ఊపులో పోతుంది. మా ఆర్టిస్టుగారి గీత చిన్న చిన్న చుక్కలుగా, గింజలు చల్లినట్టుగా, ఒకదాని పక్కన ఒకటి పేరుకుని నీడ అవుతుంది. "ఇది బొమ్మ గీసే చెయ్యి కాదురా, రీటచింగు చేసే చెయ్యి" అన్నాడు బాబాయ్. ఆ మాట సరిగ్గా తగిలింది. నెగెటివ్‌ను చిన్న డెస్కు మీద అద్దానికి ఆనించి, వెనక నుంచి వెలుగు పడేట్టు పెట్టుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖం మీది నీడలను ఒక్కొక్క చుక్కా పెట్టి పూడ్చడమే రీటచింగు. నెగెటివ్ మీద పెన్సిలు ముద్ర పడినచోట ప్రింటులో తెల్లగా వస్తుంది గనుక, గుంట ఉన్న చోట గుంట కనిపించదు. ఊపిరి బిగబట్టి చేసే పని. చెయ్యి జారితే మనిషి చెంప మీద కొత్త మచ్చ పుడుతుంది.

మన దేశంలో మశూచి చివరికి 1975లో ఆగింది. ఆ తరవాత కూడా ఎన్నో ఏళ్లపాటు పెళ్లి ఈడుకు వచ్చిన పిల్లల్లో ముఖం మీద స్ఫోటకం మచ్చలున్నవాళ్లు ఉండేవారు, వాళ్ల పెళ్లిచూపుల ఫొటోలన్నీ ఆ డెస్కు మీదికే వచ్చేవి. ఆర్టిస్టుగారు వాటికి వేరే డబ్బు తీసుకునేవారు కాదు. దామెర్లను తీసుకుపోయిన జబ్బు కాబట్టి దానితో తనకు పాత బాకీ ఉందనేవారని బాబాయ్ చెప్పాడు. ఆ తరవాత బాబాయ్ చెప్పినది నాకు అంతకుముందు తెలియదు. ఒక అమ్మాయి తండ్రితో వచ్చి ఫొటో దిగి, తండ్రి బయట బీడీ వెలిగించుకుంటుండగా వెనక్కి వచ్చి, "మచ్చలు తియ్యకండి బాబుగారూ, వచ్చేవాడు చూసే రావాలి" అందట. ఆర్టిస్టుగారు తీయలేదు. తండ్రి వచ్చి ప్రింటు చూసి గొడవ చేస్తే, పెన్సిళ్లు అయిపోయాయనీ, కొత్తవి మద్రాసు నుంచి రావాలనీ చెప్పారట. ఆ అమ్మాయి పెళ్లి జరిగిందా అని నేను అడిగాను. "వచ్చాడురా ఒకడు, చూసే వచ్చాడు" అన్నాడు బాబాయ్. ఆయన భార్య ముఖాన మచ్చలుండేవన్న సంగతి నాకు ఒక్క నిమిషం ఆలస్యంగా గుర్తుకు వచ్చింది. పిన్నిగారు పోయి ఆరేళ్లయింది. మేమిద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాకు గుర్తున్న ఆర్టిస్టుగారు ఎర్ర బల్బు వెలుగులో ఉంటారు. డార్క్‌రూములో గడియారం లేదు. ఉన్న ఒక్కటీ ముందు గదిలో గిరాకీ కోసం. ఎన్‌లార్జరు కింద కాగితం పెట్టి దీపం వేశాక ఎన్ని క్షణాలు ఆగాలో ఆయన వేమన పద్యాలతో కొలిచేవారు. మామూలు నెగెటివ్‌కు "ఉప్పుకప్పురంబు" ఒకసారి, చిక్కగా ఉన్నదానికి రెండోసారి సగం దాకా. మకుటం దగ్గర చెయ్యి దీపం మీటకు వెళ్లేది. నాకు వేమన వచ్చింది అలాగే. ఇప్పటికీ ఆ పద్యం వింటే ముక్కుకు హైపో వాసన తగులుతుంది. డెవలపరు ట్రేలో కాగితం ఊపుతుంటే ముందు కళ్లూ, జుట్టూ, తరవాత చొక్కా గుండీలూ తేలేవి. ముఖం అన్నిటికంటే ఆఖరున వచ్చేది. తొందరపడి ముందే బయటికి తీస్తే ముఖం లేని మనిషి మిగులుతాడని, నా చెయ్యి పట్టుకుని ఆపేవారు. నేను అలా పాడుచేసిన కాగితాల ఖరీదు ఆయన ఎన్నడూ మా నాన్నగారికి చెప్పలేదని, ఆ రోజు గ్యాలరీ బయట మాస్టారు నాకు చెప్పారు.

బయట చెట్టు కింద నిలబడ్డప్పుడు మాట వరదా వెంకటరత్నం మీదికి మళ్లింది. దామెర్ల పోయాక ఆయన పెట్టిన చిత్రకళాశాలను నడిపినవాడు ఈ స్నేహితుడే. తానూ చిత్రకారుడే, దామెర్లకంటే రెండేళ్లు పెద్ద. 1963లో పోయేదాకా ఆ బడినీ ఆ బొమ్మలనూ కనిపెట్టుకుని ఉన్నాడు. కూల్డ్రే ఇంగ్లండులో ఉండి శిష్యుణ్ణి తలచుకుంటూ రాశాడు. బాపిరాజు తెలుగులో రాశాడు. ఇరవై ఎనిమిదేళ్లు నిండని మనిషి బొమ్మలు నూరేళ్ల తరవాత మేం ముగ్గురం ఒక్కచోట చూడగలిగామంటే, అతని కుంచె ఎంత కారణమో ఆ మూడు జతల చేతులూ అంతే కారణం. మాస్టారు ఈ మాట అని ఆగిపోయారు. ఎందుకు ఆగారో మాకు తెలుసు. ఆర్టిస్టుగారు కంటిచూపు తగ్గి స్టూడియో ఇచ్చేసినప్పుడు నెగెటివ్‌లన్నీ అట్టపెట్టెల్లో ఇంటి వెనక వరండాలోకి చేరాయి. వాటిలో వెండి ఉంటుందని తెలిసిన పాత సామాన్లవాడు కిలోల లెక్కన కొనుక్కుపోయాడు. అంతకు ముందుతరం గాజు ప్లేట్లను ఎవరో కడిగి పటాలకు అద్దాలుగా వాడుకున్నారు. ఆ రోజుల్లో బాబాయ్ బిట్రగుంటలో, నేను హైదరాబాదులో, మాస్టారు కూతురి పురుడుకు బెంగళూరులో. ఇంట్లోవాళ్లను తప్పుపట్టే హక్కు మా ముగ్గురిలో ఎవరికీ లేదు. గోదావరి తెర మాత్రం కొన్నాళ్లు ధాన్యపు రాశి మీద కప్పుగా పనిచేసిందని విన్నాను. వాన నీటికి పొడి రంగు కరిగి గింజల మీదికి దిగి ఉంటుంది.

మధ్యాహ్నం కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్కు తాగాం. ఆర్టిస్టుగారు ఏటా తాగేవారట, మాకెవరికీ చెప్పకుండా. ఆయనకు చక్కెర జబ్బని ఇంట్లో కట్టడి. ఈ రహస్యం బయటపెట్టింది పద్దుల పుస్తకమే. ఒక పేజీలో సగం గీసిన పాదం మీద గుండ్రటి గులాబీరంగు మరక ఉంది, పక్కన ఆయన దస్తూరీలో "రంగు నాది కాదు" అని ఉంది. మాస్టారు అది చదివి నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సాయంత్రం మళ్లీ గట్టు మీదికి వచ్చాక పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్న తగువు మొదలైంది. తనకు ఇచ్చారు గనుక తన దగ్గరే ఉండాలని బాబాయ్, సామర్లకోటలో ఆయన ఇంటికి చెదలు పట్టాయి గనుక వీల్లేదని మాస్టారు. నేను అన్ని పేజీలకూ ఫొటోలు తీస్తాననీ, అందరి ఫోన్లలోనూ ఉంటాయనీ అన్నాను. ఇద్దరూ నా వైపు ఒకేసారి చూసిన చూపుకు ఆ మాట వెనక్కి తీసుకున్నాను. చివరికి నాలుగేసి నెలల చొప్పున ముగ్గురి దగ్గరా తిరగాలనీ, ఫిబ్రవరిలో మాత్రం రాజమండ్రిలోనే చేతులు మారాలనీ తేల్చుకున్నాం. చివర ఇంకా పదిహేను పేజీలు ఖాళీగా ఉన్నాయి. మాలో బొమ్మ వేయడం ఎవరికీ రాదు. మాస్టారు జేబులోంచి కలం తీసి, తరవాతి పేజీ అడుగున ఆ రోజు తేదీ వేసి, పైన ఏమీ రాయకుండా మూసేశారు. అది పెన్సిలుతో వెయ్యాల్సింది అని బాబాయ్ సామర్లకోట దిగేదాకా అంటూనే ఉన్నాడట.